ఒంటికన్నుతో కోడింగ్, క్లాసులు, రొయ్యల కౌంట్: మూడు ప్రశ్నలు

పెన్నగట్టు · మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు దగ్గర ఒక కాలేజీలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది విడవలూరు వైపు పల్లె. నాన్న రొయ్యల గుంటల మీద పనిచేస్తాడు. నాకు ఎనిమిదో ఏట ఎడమకన్ను పోయింది. ఎండాకాలం సెలవుల్లో అన్నావాళ్ళు బిళ్ళంగోడు ఆడుతుంటే పక్కన నిలబడి చూస్తున్నాను, బిళ్ళ ఎగిరొచ్చి తగిలింది. ఆ రాత్రే మద్రాసు తీసుకెళ్ళారు. రెండు ఆపరేషన్లు చేశారు. చూపు రాలేదు. ఇప్పుడా కంటికి వెలుగు కూడా తెలియదు. కుడికన్ను బాగుంది, అద్దాలు కూడా అక్కర్లేదు.

నేను అడగాల్సినవి మూడున్నాయి. అవి అర్థం కావాలంటే నా రోజు ఎట్లా గడుస్తుందో కొంచెం చెప్పాలి.

పొద్దున ఐదింటికి లేచి ఆరున్నర దాకా కోడ్ రాస్తాను. ఇంట్లో ఎవరూ లేవరు, కరెంటు నిలకడగా ఉంటుంది. ఆ గంటన్నర నాకు రోజంతటిలో ఇష్టమైన సమయం. ఎందుకో ఈ మధ్యే తెలిసింది. స్క్రీన్ బల్లపరుపుగా ఉంటుంది. దాంట్లో ఏదీ ముందుకీ వెనక్కీ ఉండదు. అక్కడ నాకూ రెండు కళ్ళున్నవాళ్ళకూ తేడా ఏమీ లేదు.

తర్వాత పల్లెవెలుగు బస్సు. ఎప్పుడూ ఎడమవైపు వరసలో కిటికీ సీటే చూసుకుంటాను. అక్కడ కూచుంటే మనుషులంతా నా కుడిపక్కకు వస్తారు, కండక్టర్ చెయ్యి చాపినా కనిపిస్తుంది. కుడివైపు వరసలో కూచున్నానంటే ఎడమ భుజం దగ్గర ఎవరొచ్చి నిలబడ్డారో తెలియక ఉలిక్కిపడుతుంటాను. పెన్న వంతెన మీద పోయేటప్పుడు ఎండ ఎడమనుంచి కొడుతుంది. చెంపకు వేడి తగులుతుంది, కంటికి మాత్రం తెలియదు. నది సముద్రం వైపు చూడాలంటే తల పూర్తిగా తిప్పాలి. రోజూ తిప్పుతాను.

క్లాసులో కూడా ఎడమ చివరి బెంచీయే. బోర్డూ, సారూ, స్నేహితులూ అందరూ కుడివైపు ఉంటారు. వరండాలో నడిచేటప్పుడు నా స్నేహితురాలు ఎవరూ చెప్పకుండానే ఎడమపక్కకు వచ్చి నడుస్తుంది, ఎదురొచ్చేవాళ్ళు నన్ను గుద్దకుండా. మొదటి సంవత్సరంలో ఒకరిద్దరు "శుక్రాచార్యులు" అని పిలిచారు. ఇప్పుడు పిలవరు.

కష్టమంతా ల్యాబులో. పోయిన వారం నెట్‌వర్క్స్ ల్యాబులో కేబుల్ క్రింపింగ్, అంటే తీగల చివర కనెక్టర్ బిగించడం, చేయించారు. ఎనిమిది తీగలు వరసగా పేర్చాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. వరస నాకు నోటికి వచ్చు. పేర్చి, చివరలు సమంగా కత్తిరించి, ఆర్‌జే-45 కనెక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. లోపలికి వెళ్తున్నాయనుకున్నాను. అవి కనెక్టర్ ముందు గాలిలో ఉన్నాయి, అర సెంటీమీటరు ఇవతల. మళ్ళీ తోశాను, ఈసారి పక్కగోడకు తగిలి నీలం తీగ వంగిపోయింది. మూడుసార్లు అట్లా అయ్యాక కళ్ళు మూసుకున్నాను. ఎడమ బొటనవేలి గోరు కనెక్టర్ అంచుకు ఆనించి, గోరు మీదుగా తీగలు జార్చాను. దిగాయి. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగాయి. కానీ అప్పటికి బ్యాచ్ మొత్తం పూర్తిచేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చాక మళ్ళీ కోడింగ్. అమ్మ వెనక నిలబడి, "ఉండే ఒక్క కన్నూ ఆ పెట్టెలో పోసేస్తుండావే, టీచరు ఉద్యోగం చూసుకోరాదా" అంటుంది. ఆ మాటలో కోపం లేదు, భయం ఉంది. నాకూ కొంచెం భయం పట్టుకుంది. ఇదీ నా మొదటి ప్రశ్న: రోజుకు ఏడెనిమిది గంటలు స్క్రీన్ చూస్తే ఉన్న కన్ను అరిగిపోతుందా?

రెండోది ప్రాజెక్టు. చెక్ ట్రేలో (గుంటలో దించి, పైకి లేపి చూసే పళ్ళెం) పడిన రొయ్యలను ఫోన్‌తో ఒక్క ఫొటో తీసి, పొడవు కొలిచి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) చెప్పే ప్రోగ్రాం రాస్తున్నాను. మా గైడ్ సారు, "లోతు తెలియాలంటే రెండు కెమెరాలుండాలి, ఒక్కదానితో కొలతలు రావు, వేరే టాపిక్ చూసుకోమ్మా" అన్నారు. ఆయనకు నా కన్ను సంగతి తెలియదు. ఆయన మాట నిజమేనా?

మూడోది. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్లు. అప్లికేషన్‌లో ఆరోగ్య సమస్యల గడి ఉంటే ఏం రాయాలి? ఇంటర్వ్యూలో చెప్పాలా, అక్కర్లేదా?

---

ఒంగోలుబాట · మంగళవారం రాత్రి 10:15

చెల్లెమ్మా, నాదీ దాదాపు ఇదే కథ, కాకపోతే దెబ్బ తగల్లేదు. నాకు పుట్టుకతో కుడికన్ను సోమరి కన్ను. అయిదో తరగతిలో స్కూల్‌కు కంటి పరీక్షకు వచ్చినప్పుడుగానీ బయటపడలేదు. అప్పటికి ఆలస్యమైందన్నారు. ఇప్పుడు బెంగళూరులో పద్నాలుగేళ్ళుగా సాఫ్ట్‌వేర్ చేస్తున్నా. మంచి కన్ను నంబరు ఈ పద్నాలుగేళ్ళలో ఏమీ మారలేదు. ఇది నా ఒక్కడి సంగతి, డాక్టర్లు చెప్పేది వేరే. ఇక్కడ ఆప్టోమెట్రిస్ట్ (చూపు పరీక్షించే నిపుణుడు) ఒకాయన ఉన్నాడు, పిలుస్తా.

క్రింపింగ్ గురించి ఒక్క మాట. నువ్వు గోరు ఆనించి చేశావు చూడు, అదే సరైన పద్ధతి. నేను టీ పోసేటప్పుడు కెటిల్ మూతిని గ్లాసు అంచుకు ఆనిస్తా. పెన్‌డ్రైవ్ పెట్టేటప్పుడు వేలితో పోర్టు తడిమి పెడతా. దాంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సమయం ఎక్కువ కావాలంటే ల్యాబ్ సారును ముందే అడుగు.

పటౌడీ పేరు విన్నావా? మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ. 1961లో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో కుడికన్ను చూపు పోయింది. అదే ఏడాది డిసెంబరులో భారత జట్టుకు ఆడాడు. మరుసటి ఏడాది మార్చికల్లా కెప్టెన్, వయసు 21. మొత్తం 46 టెస్టులు. గంటకు నూట ముప్పై కిలోమీటర్లతో వచ్చే బంతి దూరాన్ని ఆయన ఒక కంటితో అంచనా వేశాడు. మా నాన్న నన్ను ఓదార్చడానికి ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

---

కావలి_ప్యాసింజర్ · మంగళవారం రాత్రి 10:31

అమ్మాయ్, ఇంకేం ఆలోచిస్తున్నావ్? ఒక కన్ను లేకపోతే వికలాంగుల సర్టిఫికెట్ వస్తుంది. సదరంలో స్లాట్ బుక్ చేసుకో, కోటాలో గవర్నమెంట్ ఉద్యోగమే కొట్టొచ్చు.

---

చూపుపట్టిక · మంగళవారం రాత్రి 11:20

నేను నెల్లూరులో ఆప్టోమెట్రిస్ట్‌ని. ముందు పై పోస్టు గురించి, ఎందుకంటే ఈ తప్పు నమ్మి చాలామంది ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. కేంద్రం ఇచ్చిన అంచనా నిబంధనల్లో ఒక కన్ను మామూలుగా ఉండి (6/6 నుంచి 6/18 దాకా), రెండో కంటికి చూపు అసలు లేకపోతే 30 శాతం లెక్కేస్తారు. ఆ వర్గానికి పేరే "ఒంటికన్ను వ్యక్తి". అంటే సర్టిఫికెట్ మీద 30 శాతం అని వస్తుంది, కోటా వర్తించదు. ఇంకోవైపు లోకో పైలట్ లాంటి కొలువుల్లో రెండు కళ్ళ చూపూ పరీక్షించి తిప్పి పంపుతారు. ఒంటికన్నువాళ్ళు ఈ రెంటి మధ్య ఇరుక్కుపోతున్నారు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. ప్రస్తుతానికి నిబంధన మాత్రం ఇదే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నమ్మా. వాడితే కన్ను అరగదు. రెండు కళ్ళున్నవాళ్ళకు పని పంచుకోవడం వల్ల చూపు మిగలదు, ఒక్క కంటితోనే చేస్తే తరిగిపోదు. చదివినా, కోడ్ రాసినా, కుట్టుపని చేసినా చూపు ఖర్చు కాదు. మీ అమ్మగారికి ఈ మాట నా తరఫున చెప్పండి. స్క్రీన్ ముందు జరిగేది వేరు. రెప్పలు కొట్టడం తగ్గుతుంది, కన్ను ఆరిపోయి మంట పుడుతుంది, దగ్గర చూపుకే బిగుసుకుపోయి అలసిపోతుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. రెప్పలు నిండుగా మూసి తెరవండి. చాలు.

అసలు భయపడాల్సింది దెబ్బకు. ఇది మాత్రం పెద్ద అక్షరాలతో రాసుకోండి. మీకు నంబరు లేకపోయినా సరే, పాలీకార్బొనేట్ అద్దాలు చేయించుకుని లేచిందగ్గర్నుంచి పడుకునేదాకా పెట్టుకోండి. మామూలు గాజు వద్దు, మామూలు ప్లాస్టిక్ కూడా వద్దు. పాలీకార్బొనేట్ అంత తేలిగ్గా పగిలి కంట్లో గుచ్చుకోదు. దీపావళి, వెల్డింగ్ షాపు పక్కన నడక, బైకు వెనక సీటు, వరిచేలో ఆకు అంచు, గుంట మీద ఏరేటర్ దగ్గర చిందే నీళ్ళు, ఇవన్నీ ఉన్నచోట మీరు పెరిగారు. పన్నెండేళ్ళు అద్దాలు లేకుండా గడిపారంటే నాకు గుండె ఝల్లుమంది.

ఏడాదికోసారి చుక్కల మందు వేసి లోపలి రెటీనా చూపించుకోండి. ఉన్న కంట్లో ఉన్నట్టుండి మెరుపులు కనిపించినా, నల్లటి చుక్కలు గుంపుగా తేలినా, తెర దిగినట్టు అనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. దెబ్బ తిన్న కన్ను ఎన్నేళ్ళ తర్వాతైనా, చాలా అరుదుగా, మంచి కంటికి వాపు తెప్పించగలదు. కాబట్టి కుడికన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, మసకబారితే "రేపు చూద్దాం" అనొద్దు.

---

కందుకూరు_అమ్మ · బుధవారం ఉదయం 6:05

సార్, మధ్యలో అడుగుతున్నందుకు అందరూ క్షమించాలి. మా బాబుకు అయిదేళ్ళు. వాడికీ సోమరి కన్ను అని పోయిన నెల చెప్పారు. బాగున్న కంటికి రోజూ పట్టీ వేయమన్నారు. వేస్తే ఏడుస్తాడు, పీకేస్తాడు. మా అత్తగారు "బాగున్న కన్ను మూస్తే అదీ పోతుంది" అంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

చూపుపట్టిక · బుధవారం ఉదయం 7:10

వేయండమ్మా, తప్పకుండా వేయండి. సోమరి కన్నులో కంటికంటే మెదడు వైపే ఇబ్బంది ఎక్కువ. మెదడు ఆ కన్ను పంపే బొమ్మను పక్కన పెట్టేస్తుంది. బాగున్న కన్ను కొన్ని గంటలు మూస్తే బలహీనమైన కంటి మాట వినక తప్పదు. చిన్న వయసులో మెదడు తొందరగా నేర్చుకుంటుంది. ఏడెనిమిదేళ్ళు దాటాక ఫలితం తగ్గుతూ వస్తుంది, అందుకే ఇప్పుడే. డాక్టర్ చెప్పినన్ని గంటలే వేయండి, చెప్పిన తేదీకి చూపించండి. ఆ పద్ధతిలో వేస్తే బాగున్న కన్ను పోదు. పట్టీ వేసిన గంటల్లో వాడికి ఇష్టమైనదేదో పెట్టండి, రంగులు దిద్దడం, ముగ్గు చుక్కలు కలపడం. ఒంగోలుబాట గారు పైన రాసింది అత్తగారికి చదివి వినిపించండి.

ఒంగోలుబాట · బుధవారం ఉదయం 7:30

వినిపించండి అక్కా. నాకా పట్టీ వేసేవాళ్ళు అప్పట్లో లేరు.

---

పిక్సెల్_గంట · బుధవారం మధ్యాహ్నం 1:15

నేను కంప్యూటర్ విజన్‌లోనే (ఫొటోలను కంప్యూటర్‌తో చదివించే పని) పనిచేస్తున్నా, సొంతూరు అద్దంకి. రెండో ప్రశ్నకు జవాబు కొంచెం పొడుగ్గానే రాస్తా.

మీ సారు చెప్పింది సగం నిజం. ఒక్క ఫొటోలో పొడవు, దూరం రెండూ ముడిపడి ఉంటాయి. మీ ఫోన్ ఫోకల్ లెంగ్త్ (లెన్సు వస్తువును ఎంత పెద్దగా చూపిస్తుందో చెప్పే కొలత) 3000 పిక్సెళ్ళు అనుకుందాం. 60 సెంటీమీటర్ల దూరంలో 12 సెంటీమీటర్ల రొయ్య 600 పిక్సెళ్ళు వస్తుంది. 120 సెంటీమీటర్ల దూరంలో 24 సెంటీమీటర్ల రొయ్య కూడా అదే 600. ఫొటోకు ఆ రెంటి మధ్య తేడా తెలియదు. రెండు కెమెరాలుంటే వాటి మధ్య దూరం తెలుసు కాబట్టి ముడి విప్పొచ్చు. మన కళ్ళ మధ్య ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఎడం ఉండటంలో లాభం అదే.

మిగతా సగం ఏమిటంటే, ముడి విప్పడానికి రెండో కెమెరా ఒక్కటే దారి కాదు. కొలత తెలిసిన వస్తువు ఒకటి ఫొటోలో ఉంటే చాలు. మీ దగ్గర అది ఉంది: చెక్ ట్రే. నాలుగు మూలలూ గుర్తించండి, ట్రే అసలు కొలత ఇవ్వండి, హోమోగ్రఫీ అనే లెక్కతో ఫొటోను పైనుంచి చూసినట్టు సరిచేయండి. రొయ్యలన్నీ ట్రే అడుగున పడి ఉంటాయి కాబట్టి అన్నీ ఒకే తలంలో ఉన్నట్టే. ఇక్కడ లోతు తెలియాల్సిన పనే లేదు.

ఇంకో దారి కదలడం. కెమెరాను కొంచెం పక్కకు జరిపితే దగ్గరవి ఎక్కువ కదులుతాయి, దూరంవి తక్కువ కదులుతాయి. ఆండ్రూ డేవిసన్ అనే పరిశోధకుడు 2003లో ఒక్క కెమెరాను చేత్తో తిప్పుతూ గది మ్యాపు అప్పటికప్పుడు కట్టి చూపించాడు. ఆ దారిలోనే 2015లో ఓఆర్‌బీ-స్లామ్ అనే ప్రోగ్రాం వచ్చింది. పెన్నగట్టు, మీరు రోజూ చేసేది ఇదే. గమనించారో లేదో, దూరం తేలనప్పుడు మీ తల కొంచెం అటూ ఇటూ ఊగుతుంటుంది.

ఈ మధ్య ఏఐ నమూనాలు ఒక్క ఫొటో నుంచే లోతు అంచనా వేస్తున్నాయి, మైడాస్ లాంటివి. అవి ఏది ముందుంది, ఏది వెనకుంది అని వరస బాగా చెబుతాయి. మైడాస్ మీటర్లు చెప్పదు. కౌంట్ తేల్చడానికి దాన్ని నమ్ముకోకండి.

ఒక హెచ్చరిక. కౌంట్ అంటే కిలోకు ఎన్ని అని. బరువు పొడవుకు దాదాపు మూడో ఘాతంలో పెరుగుతుంది. 20 గ్రాముల రొయ్య 50 కౌంట్. పొడవును 5 శాతం ఎక్కువగా చదివారనుకోండి, బరువు 23 గ్రాములకు పోతుంది, కౌంట్ 43కి పడిపోతుంది. పొడవులో చిన్న తప్పు కౌంట్‌లో మూడింతలవుతుంది. రొయ్య వంగి ఉంటుంది కాబట్టి తల నుంచి తోకకు గీత గీయకండి, ఒంటి మధ్యగీత వెంట కొలవండి. ఫోన్ వీలైనంత ఎత్తు నుంచి పట్టుకోండి. రొయ్య వీపు ట్రే కంటే ఒక సెంటీమీటరు పైకి ఉంటే, 60 సెంటీమీటర్ల నుంచి తీసిన ఫొటోలో దాదాపు 1.7 శాతం పెద్దగా కనిపిస్తుంది, 120 నుంచి తీస్తే అందులో సగం.

---

ముత్తుకూరు_గుంట · బుధవారం మధ్యాహ్నం 2:40

అమ్మా, నాకు కంప్యూటర్ తెలియదు గానీ కౌంట్ తెలుసు. 50కి 43కి కిలో మీద ఎంత తేడా వస్తుందో, ఒక గుంటలో టన్నుల లెక్కన అది ఎంతవుతుందో మీ నాన్నను అడుగు. మేమిప్పుడు వల విసిరి, కాటా మీద తూచి, లెక్కబెట్టి చూస్తుండాము. తూచేలోపు కొన్ని చస్తాయి. ఫొటోతో అయ్యే పనైతే రోజూ చూసుకోవచ్చు, మేత లెక్క సరిపోతుంది. నీ ప్రోగ్రాం తయారైతే మా గుంట మీదనే చూసుకో. టాపిక్ మాత్రం మార్చబాక.

---

మార్కాపురం_మాస్టారు · బుధవారం రాత్రి 8:00

నేను పాలిటెక్నిక్‌లో చెబుతాను. కెమెరా లెన్సు అంచుల దగ్గర సరళరేఖలను వంచుతుంది, దాన్ని ముందు సరిచేసుకోమ్మా. ఓపెన్‌సీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చదరంగం గళ్ళతో కాలిబ్రేషన్ (కెమెరా వంపును కొలిచి సరిచేయడం) ఉంది, 2000లో జాంగ్ ప్రచురించిన పద్ధతి. పిల్లలంతా ఆ గళ్ళను కాగితం మీద అచ్చేసి చేత్తో పట్టుకుంటారు. కాగితం అలలా వంగుతుంది, కాలిబ్రేషన్ పాడవుతుంది. మా ఊరి రాతిపలక ఒకటి తెచ్చుకుని దాని మీద గమ్‌తో అంటించు. నున్నగా ఉంటుంది, తేమకు వంగదు. నేను నా విద్యార్థులకు ఇదే చెబుతాను. పదిహేను ఇరవై ఫొటోలు వేర్వేరు కోణాల్లో తీసుకో.

---

చీమకుర్తి_రాయి · గురువారం రాత్రి 11:05

ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నా. ఈ రోజు రాయాలనిపించింది.

మా నాన్న గ్రానైట్ క్వారీలో పనిచేసేవాడు. నలభై ఏళ్ళప్పుడు రాతిచెక్క ఎగిరి కంట్లో పడింది. అక్కడ ఎవరికీ కళ్ళజోడు ఇచ్చేవాళ్ళు కాదు. ఒకాయన ఆకుపసరు పోశాడు. మూడు రోజులు అట్లనే ఉంచారు. చీము పట్టాక విజయవాడ తీసుకుపోయాం, అప్పటికే కన్ను చేయి దాటిపోయింది. కంట్లో దెబ్బ తగిలినప్పుడు పసరు, ఆముదం, పాలు ఏదీ పోయొద్దని ఇక్కడ చదివేవాళ్ళందరూ నలుగురికి చెప్పండి.

పెన్నగట్టు చెల్లికి ఎనిమిదేళ్ళప్పుడు పోయింది, దానితోనే పెరిగింది. పెద్ద వయసులో పోతే వేరుగా ఉంటుంది. నాన్న ఆర్నెల్లు అన్నం కలుపుకునేటప్పుడు కూర గిన్నె పక్కన గరిటె పెట్టేవాడు. మెట్లు దిగేటప్పుడు మొదటి మెట్టు దగ్గర ఆగిపోయేవాడు. పై మెట్టూ కింది మెట్టూ ఒకే రంగు సిమెంటు కదా, రెండూ ఒకటే పలకగా కనిపించేవట. మా అమ్మ ప్రతి మెట్టు అంచుకూ సున్నంతో బెత్తెడు పట్టీ గీసింది. ఆ తర్వాత ఆయన ఆగలేదు. ఇప్పటికీ ప్రతి సంక్రాంతికి ఇంటికి సున్నం వేసినప్పుడు ముందు ఆ పట్టీలే గీస్తుంది.

---

ఒంగోలుబాట · శుక్రవారం ఉదయం 9:20

అన్నా, ఆ సున్నం పట్టీలు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయా.

చెల్లెమ్మా, మూడో ప్రశ్న అట్లనే ఉండిపోయింది. నా మాట ఇది. ఇంటర్వ్యూలో నీ అంతట నువ్వు చెప్పాల్సిన పని లేదు. కోడ్ రాయడానికి రెండు కళ్ళు కావాలన్న నిబంధన ఎక్కడా లేదు. ఉద్యోగం వచ్చాక వైద్య పరీక్ష ఫారంలో అడిగితే ఉన్నదున్నట్టు రాయి. దాచి తర్వాత బయటపడితే నీదే తప్పవుతుంది. చేరాక సీటు ఎడమ చివర కావాలని టీం లీడర్‌తో చెప్పు, ఎవరూ కాదనరు.

కావలి_ప్యాసింజర్ · శుక్రవారం ఉదయం 10:02

కోటా సంగతి నాకు తెలియక రాశాను, సరిదిద్దినందుకు ధన్యవాదాలు. కానీ దీంట్లో మాత్రం నాది వేరే మాట. ముందే చెప్పేయడం మంచిది. నా తమ్ముడికి నత్తి. ఇంటర్వ్యూ మొదట్లోనే చెప్పేవాడు, అప్పుడు వాళ్ళు ఆగి వినేవాళ్ళు. చెప్పని రోజు వాడికే గాభరా ఎక్కువయ్యేది.

పిక్సెల్_గంట · శుక్రవారం ఉదయం 10:40

నత్తి వాళ్ళకు వినిపిస్తుంది, కన్ను సంగతి కనిపించదు కదా. నేను ఒంగోలుబాట వైపే. కానీ ఇది ఆ అమ్మాయి తేల్చుకోవాల్సింది.

---

పెన్నగట్టు · పన్నెండు రోజుల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:30

అందరికీ పేరు పేరునా నమస్కారాలు. ఆలస్యానికి క్షమించండి, మిడ్ పరీక్షలు నడిచాయి.

చూపుపట్టిక గారి పోస్టు అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి "పన్నెండేళ్ళు" దగ్గర ఆపమంది. మరుసటి రోజు తనే నన్ను ట్రంకు రోడ్డుకు తీసుకొచ్చి పాలీకార్బొనేట్ అద్దాలు చేయించింది. రెటీనా కూడా చూపించాము, బాగుందన్నారు. టీచరు ఉద్యోగం మాట ఇంక ఎత్తలేదు.

గైడ్ సారు దగ్గరికి వెళ్ళి ముందు నా కన్ను సంగతి చెప్పాను. తర్వాత ఆయన బల్ల మీది పెన్ను మూత తీసి, "సార్, ఒక కన్ను మూసుకుని ఈ మూత పెట్టండి" అన్నాను. మొదటిసారి పక్కకు పోయింది. రెండోసారి తల కొంచెం పక్కకు వంచి పెట్టారు, దిగింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెక్ ట్రే, హోమోగ్రఫీ అంతా కాగితం మీద గీయించుకుని, సంతకం పెట్టారు. ల్యాబులో క్రింపింగ్ మళ్ళీ చేసుకోవడానికి సమయం కూడా ఇప్పించారు.

ఇప్పుడు లెక్కలు. ముప్పై రొయ్యలను స్కేలుతో కొలిచి, చిన్న కాటాలో తూచి, పొడవుకూ బరువుకూ సూత్రం కట్టాను. మార్కాపురం పలక మా ట్యూషన్ పిల్లాడి దగ్గర దొరికింది మాస్టారూ, లెన్సు వంపు సరిచేశాను. ఫోన్‌ను 120 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకోవాలి, నేను పట్టుకుంటే ట్రేకు నేరుగా పైన ఉందో లేదో తేలడం లేదు. అన్న పట్టుకున్నాడు. ఆ బిళ్ళంగోడు రోజు తర్వాత అన్న నా కంటి గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. గుంట గట్టు మీద నిలబడి, చెయ్యి వణక్కుండా ఫోన్ పట్టుకుని, "ఇంకా ఎడమకా, ఇంకా ఎడమకా" అని అడుగుతూనే ఉన్నాడు.

మొదటిసారి ప్రోగ్రాం 44 కౌంట్ చెప్పింది. నాన్న కాటా మీద తూచి లెక్కపెడితే 52. నాకు ఏడుపొచ్చింది. రెండు రోజులు కోడ్ అంతా వెతికాను. తప్పు కోడ్‌లో లేదు. ట్రేను నేను బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచాను, 80 సెంటీమీటర్లు. ఫొటోలో మూలలు గుర్తించింది మాత్రం లోపలి అంచున. లోపలి కొలత 76. పిక్సెల్_గంట గారు చెప్పిన 5 శాతం తప్పు అచ్చంగా అక్కడే కూచుని ఉంది. 76 పెట్టి మళ్ళీ నడిపితే 51 వచ్చింది. నాన్న ఆ నంబరు చూసి, ఫోన్ తన చేతిలోకి తీసుకుని, రొయ్యల మీద గీసిన పచ్చగీతలన్నీ ఒక్కొక్కటిగా పెద్దవి చేసి చూశాడు.

మూడో ప్రశ్నకు నేను తేల్చుకున్నది చెబుతాను. ఇంటర్వ్యూలో ఈ ప్రాజెక్టు గురించి అడుగుతారు కదా, ఒక కెమెరాతో ఎందుకు చేశావని. అప్పుడు నా కన్ను సంగతి దానంతటదే వస్తుంది, చెబుతాను. అడగకపోతే ఎత్తను. ఫారంలో మాత్రం ఉన్నదే రాస్తాను.

కందుకూరు అక్కా, బాబు పట్టీ వేయించుకుంటున్నాడా?

కందుకూరు_అమ్మ · ఆదివారం సాయంత్రం 6:15

రోజూ వేస్తున్నాం తల్లీ. ముగ్గుచుక్కలు కలుపుతుంటే ఏడుపు మర్చిపోతున్నాడు. అత్తగారే చుక్కలు పెట్టిస్తున్నారు.

ముత్తుకూరు_గుంట · ఆదివారం రాత్రి 7:45

51 అంటే చాలా దగ్గరమ్మా. మా గుంటలో ఇప్పుడు ఇంకా చిన్నవి, 90 కౌంట్ అటూ ఇటూ ఉంటాయి. చిన్నవాటికి కూడా సరిగ్గా చెబుతుందా? వచ్చే ఆదివారం మీ అన్నను తీసుకుని రా. ఎండెక్కకముందే ట్రే లేపుదాం, లేకపోతే నీళ్ళ మెరుపు పడుతుంది.

పెన్నగట్టు · ఆదివారం రాత్రి 8:10

వస్తామన్నా. నేను తూచినవన్నీ పెద్ద రొయ్యలే, చిన్నవాటికి సూత్రం మళ్ళీ కట్టాల్సి ఉంటుంది, కాబట్టి కాటా కూడా తెస్తాను. నెల్లూరు నుంచి మొదటి బస్సుకు ఎక్కుతాం. మీరు మాత్రం చెక్ ట్రేను టేపుతో ముందే కొలిచి పెట్టండి, లోపలి అంచు నుంచి లోపలి అంచుకు, నాలుగు వైపులా.